పాత రౌటర్ పనికిరాదంటే నమ్మి ఇచ్చేయకండి, నెల్లూరు వాళ్లకి జాగ్రత్త

ట్రంకు రోడ్డు పక్క సందులో రౌటర్లు, సీసీ కెమెరాలు అమ్మే షాపు. పేరు రాయను, ఆ వైపు తిరిగేవాళ్లకి చెప్పక్కర్లేదు. అక్కడికి పోయేముందు ఇది చదవండి.

సంగతి చిన్నదే. మా మిద్దె మీద గదిలో వైఫై అందదు. కింద నుంచి పైకి నెట్ వైరు ఇల్లు కట్టినప్పుడే లాగించాం. మిగిలిపోయిన పాత రౌటర్ ఒకటి ఉంటే, దాన్నే పైన యాక్సెస్ పాయింట్‌గా, అంటే వైరులో వచ్చే నెట్‌ని వైఫైగా ఇచ్చే పెట్టెగా, పెట్టించుకుందామని పట్టుకెళ్లా. ప్లగ్గులో పెట్టి అటూ ఇటూ తిప్పి, "ఇది యాక్సెస్ పాయింట్‌కి సపోర్ట్ చేయదు సార్, పైగా బోర్డు పోయింది. స్క్రాపు కింద కూడా ఎవరూ తీసుకోరు" అన్నాడు. కొత్తదానికి 2,400, మనిషి ఇంటికొచ్చి పెట్టినందుకు ఇంకో 500. పాతదాన్ని అక్కడే వదిలేసి వచ్చా. ఎంత తెలివైనవాణ్ణో!

కొత్తది పెట్టిన రాత్రి నుంచి పైన ఫోన్లలో వైఫై గుర్తు నిండుగా ఉంటుంది, నెట్ మాత్రం రాదు. కింద టీవీ కూడా ఉండుండి ఆగిపోతుంది. షాపుకి ఫోన్ చేస్తే నెట్ వాళ్లని అడగమంటాడు. వాళ్లేమో లైను బాగుందంటారు. చివరికి పాలిటెక్నిక్ చదివే మా తోడల్లుడి కొడుకు వచ్చి సెట్టింగ్స్ తెరిచాడు. రెండు రౌటర్లకీ ఒకటే అడ్రస్, 192.168.1.1. రెండింట్లోనూ డీహెచ్‌సీపీ ఆన్. అంటే ఫోన్లకి అడ్రసులు రెండూ పంచుతున్నాయి. పైదాని దగ్గర అడ్రస్ తీసుకున్న ఫోన్ నెట్ కోసం దాన్నే అడుగుతుంది, దాని దగ్గర నెట్ ఎక్కడిది? వాడు పైదానికి కిందిది పంచే వరుసలో లేని నంబరు, 192.168.1.2 ఇచ్చాడు. దాంట్లో డీహెచ్‌సీపీ ఆపేశాడు. కింది నుంచి వచ్చే వైరు వ్యాన్ పోర్టులో (బయటి నెట్ లైను పెట్టేది) కాకుండా ల్యాన్ పోర్టులోనే (ఇంట్లో వైర్లు పెట్టేది) ఉందని చూసుకున్నాడు. అయిపోయింది!

"చిన్నాయనా, యాక్సెస్ పాయింట్ మోడ్ అని విడిగా లేకపోయినా మామూలు రౌటర్‌తో ఇట్టా చేసుకోవచ్చు. మీది 100 ఎంబీపీఎస్ ప్లానే కదా, పాతదే సరిపోయేది" అన్నాడు.

కనీసం ఆ 500 అయినా వెనక్కి అడుగుదామని షాపుకి పోయా. కౌంటర్ మీద మా రౌటర్! లైట్లన్నీ వెలుగుతున్నాయి. ఎవరో కుర్రాడికి చూపిస్తూ "కండిషన్ సూపర్ అన్నా, 900కి ఇచ్చేస్తా" అంటున్నాడు. తిప్పి చూశా. అడుగున మా ఆవిడ మార్కరుతో రాసిన వైఫై పాస్‌వర్డ్ అట్నే ఉంది. తుడిచే ఓపిక కూడా లేదు దొరగారికి.

"బోర్డు పోయిందన్నావే?" అంటే, "బాగు చేయించాం. నువ్వు వదిలేసి పోయిన దానికి ఇప్పుడు నీకేంది నొప్పి?" అన్నాడు. కొనేదాకా సార్‌ని, ఇప్పుడు నువ్వు అయిపోయా. సెటప్ తప్పుగా చేశారు, 500 ఇచ్చేయమంటే అందరి ముందూ నవ్వి, "అంత తెలిసినోడివి నువ్వే పెట్టుకోకపోయావా?" ఆ కుర్రాడు మాత్రం నా మొహం చూసి రౌటర్ కింద పెట్టి మెల్లగా వెళ్లిపోయాడు. ఆ రోజు జరిగిన మంచి పని అదొక్కటే.

1915కి, అదే కన్స్యూమర్ హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేద్దామంటే నా దగ్గరున్నది తెల్లకాగితం మీద రాసిచ్చిన 2,900 అంకె. దాన్ని బిల్లు అనుకుని జేబులో పెట్టుకొచ్చా.

మీరు పోతే జీఎస్టీ బిల్లు అడగండి. సెటప్ చేసిన మనిషి ఉండగానే పైన ఫోన్లో వీడియో ఆడించి చూసి, అప్పుడు డబ్బులివ్వండి. పాత రౌటర్ ఎవరికైనా ఇచ్చేముందు దాని వెనకున్న రీసెట్ బటన్‌ని పిన్నుతో కాసేపు నొక్కి పట్టుకోండి. మాది చేయలేదు, వైఫై పాస్‌వర్డ్, నెట్ కనెక్షన్ లాగిన్ అన్నీ దాంట్లోనే ఉన్నాయి. ఇప్పుడు కూర్చుని అవన్నీ మార్చుకుంటున్నా.