పైన కట్టి దించడమా, కిందే కట్టడమా?

ఐరోపా కణభౌతిక పరిశోధన సంస్థ సెర్న్‌లో, కణాలను ఢీకొట్టించే లార్జ్ హాడ్రాన్ కొలైడర్ యంత్రం కోసం దాదాపు 100 మీటర్ల లోతున రెండు భారీ డిటెక్టర్లు కట్టారు. ఆ ఢీలో ఏం పుడుతుందో నమోదు చేసే పరికరాలివి. స్విట్జర్లాండ్ వైపు అట్లాస్, ఫ్రాన్స్‌లోని సెస్సీ దగ్గర సీఎంఎస్. బిగించిన తీరు మాత్రం పూర్తిగా వేరు.

46 మీటర్ల పొడవు, 25 మీటర్ల ఎత్తున్న అట్లాస్‌ను భూగర్భంలోని హాలులోనే పేర్చారు. 25 మీటర్ల పొడవైన ఎనిమిది అయస్కాంతపు కాయిళ్లను 2004-05లో ఒక్కొక్కటిగా దించారు. ఇక్కడ అసలు కష్టం పనుల వరుసది. కేబుళ్లవాళ్లు, పైపులవాళ్లు, క్రేన్‌వాళ్లు అందరికీ ఉన్నది అదే చోటు. ఒకరి పని ఆగితే వెనక ఉన్నవాళ్లంతా పరంజా దగ్గర ఎదురుచూడాల్సిందే.

సీఎంఎస్ తవ్వకంలో రోమన్ కాలపు ఇంటి శిథిలాలు బయటపడ్డాయి, భూగర్భజలమూ అడ్డుపడింది. హాలు 2005లో గానీ చేతికి రాలేదు. అయినా పని ఆగలేదు. పైనున్న షెడ్డులోనే డిటెక్టర్‌ను 15 భారీ ముక్కలుగా కట్టి, అయస్కాంతాన్ని అక్కడే పరీక్షించి, 2006 నవంబరు నుంచి 2008 జనవరి దాకా దించారు. దాదాపు 2,000 టన్నుల మధ్యముక్క 2007 ఫిబ్రవరి 28న దిగింది. అటూ ఇటూ గోడకు సందు 20 సెంటీమీటర్లే! దించడానికి పది గంటలు పట్టింది.

సమన్వయం వరకు నా ఓటు సీఎంఎస్‌కే. తప్పు ఏదైనా ఉంటే వెలుతురులో, చోటున్నచోటే దొరుకుతుంది. మరమ్మతుకూ ఆ ముక్కలనే పక్కకు జరుపుతారు. కానీ అట్లాస్‌కు ఆ దారి లేదు. ఆ పొడవైన కాయిళ్లు డిటెక్టర్ నడుమంతా పరుచుకుని ఉంటాయి, అడ్డంగా ముక్కలు చేయడం కుదరదు.