స్పోర్ట్స్ బైక్‌కి ఏది మేలు: పైపు గార్డా, ఫ్రేమ్ స్లైడరా, ఇంజన్ కవరా?

కొత్త ఆర్15 గానీ ఆర్‌సీ 390 గానీ ఇంటికి రాగానే పుత్లీబౌలీ వెళ్లి గార్డు వేయించడం మన హైదరాబాద్‌లో మామూలే. ఏది వేయించాలో తేల్చుకునే ముందు బండి ఎలా పడుతుందో చూడాలి. నిలబెట్టినప్పుడో నడక వేగంలోనో ఒరిగిపోవడం ఒక రకం: సెల్లార్ ర్యాంపు మీద తడి, యూటర్న్ దగ్గర డివైడర్ వెంబడి పేరుకున్న ఇసుక, సైడ్ స్టాండ్ దిగబడే మెత్తని నేల. వేగంలో పడి రోడ్డు మీద జారుకుంటూ పోవడం రెండోది: అనంతగిరి మలుపుల్లో చెదిరిన కంకర, తొలకరి వానకి పైకి తేలిన ఆయిల్.

పైపు గార్డు, అంటే ఇంజన్ పక్కన బయటికి వంచి బిగించే ఇనుప పైపు, మొదటి రకానికి బాగానే పనిచేస్తుంది. ఫెయిరింగ్‌కి (బండి పక్కల్ని కప్పే ప్లాస్టిక్ తొడుగుకి) గీత కూడా పడదు. చిక్కంతా రెండో రకంతోనే. బయటికి పొడుచుకొచ్చిన పైపు వంపు మ్యాన్‌హోల్ అంచుకో డివైడర్ రాయికో తగులుకుంటే, జారాల్సిన బండి గిర్రున తిరిగి పల్టీ కొడుతుంది. పైగా ఆ దెబ్బంతా పైపు గుండా ఇంజన్ మౌంట్ (ఇంజన్‌ని ఫ్రేమ్‌కి బిగించే చోటు) మీదికే పోతుంది. పైపు లోపలికి వంగితే ముందు చితికేది రేడియేటర్. ఫెయిరింగ్ లేని, రోజూ ట్రాఫిక్‌లో తిరిగే బండికైతే పైపు గార్డు వద్దనం. ఫుల్ ఫెయిరింగ్ బండికి మాత్రం వద్దే వద్దు.

ఫ్రేమ్ స్లైడర్ చేసే పని వేరు. గట్టి నైలాన్ లేదా డెల్రిన్ అనే ప్లాస్టిక్ ముద్ద రోడ్డుకి రాసుకుని అరుగుతూ బండిని జారనిస్తుంది. అయితే మంచీ చెడ్డా తేల్చేది ముద్ద కాదు, అది కూర్చున్న చోటు. మౌంట్ నుంచి స్లైడర్ కొస 5 సెంటీమీటర్ల దూరంలో ఉన్నప్పుడు బోల్టుని వంచే బలం ఎంతో, 10 సెంటీమీటర్లు ఉంటే అది రెట్టింపు. ఫెయిరింగ్ కోయకుండా పెట్టేందుకు పొడవాటి వంకర బ్రాకెట్ ఇచ్చే కిట్లు ఇక్కడే దెబ్బతీస్తాయి. బ్రాకెట్ మెలితిరిగి ఇంజన్ కేసుకి బోల్టు పట్టే చెవి విరిగిందంటే, ఫెయిరింగ్ మిగిల్చిన డబ్బుకి ఎన్నో రెట్లు ఖర్చు. ఫెయిరింగ్‌కి రంధ్రం పెట్టి నేరుగా బిగించే పొట్టి స్లైడరే మేలు.

కొనేటప్పుడు బోల్టు తల ముద్ద లోపల ఎంత లోతులో ఉందో చూడండి. కనీసం ఒక సెంటీమీటరు లోపల ఉండాలి. లేకపోతే ముద్ద కాస్త అరగగానే ఇనుము రోడ్డుకి తగులుతుంది. కొస గుండ్రంగా ఉండాలి, పదునైన అంచు పనికిరాదు.

ఇంజన్ కవర్లు జనం పట్టించుకోరు గానీ, స్లైడర్‌కి అసలు జోడీ అవే. ఎడమవైపు స్టేటర్ (కరెంటు పుట్టించే తీగచుట్ట), కుడివైపు క్లచ్ కేసులు పలచటి అల్యూమినియం. జారుడులో చిల్లు పడితే ఆయిల్ వెనక టైరు కిందికి పోతుంది, ఇంజన్ పట్టేస్తుంది. గాజునార కలిపిన నైలాన్ కవరు అసలు కేసు మీద రెండో పొరలా కూర్చుంటుంది. దానికి కాస్త పొడవైన ఎం6 (6 మిల్లీమీటర్ల లావు) బోల్టులు కిట్‌తోనే వస్తాయి. వీటికి సాధారణంగా 10 న్యూటన్ మీటర్లు చాలు. చేతి బలంతో బిగిస్తే అల్యూమినియంలో మర పోతుంది.

బిగింపు ఇలా: ఇంజన్ చల్లారాక, కింద చెక్కముక్క పెట్టి జాక్‌తో తేలిగ్గా ఆనించండి. ఒకసారి ఒక వైపే విప్పండి. రెండు వైపులా ఒకేసారి లాగేస్తే ఇంజన్ కిందికి దిగి రంధ్రాలు కలవవు. మౌంట్ బోల్టు ఈ చివర నుంచి ఆ చివరికి పోయేదైతే, పాతదాన్ని కొత్తదానితో వెనక నుంచి నెట్టుకుంటూ బయటికి పంపండి. బోల్టు పొడవంటే పాతదాని పొడవుకి, బోల్టు తల కింద ఉండే స్లైడర్ మందం కలిపినది. అల్యూమినియంలో ఎం10 బోల్టుకి కనీసం 15 మిల్లీమీటర్ల మర పట్టాలి. మరీ పొడవైతే అడుగుకి తగిలి ఆగిపోతుంది. రెంచ్ క్లిక్‌మంటుంది గానీ బిగుతు రాదు. అదనంగా బోల్టు కావాలంటే రాణీగంజ్‌లో తల మీద 10.9 ముద్ర (బోల్టు బలాన్ని చెప్పే అంకె) ఉన్నదే అడగండి. నీలి రంగు థ్రెడ్‌లాకర్ (బోల్టు వదులు కాకుండా పట్టే జిగురు) చుక్క వేసి, టార్క్ రెంచ్‌తో సర్వీస్ మాన్యువల్‌లోని అంకెకే బిగించండి.

రంధ్రం ఎక్కడ పెట్టాలన్నదే చాలామందికి భయం. బోల్టు తలకి కాస్త కాటుక రాసి, ఫెయిరింగ్‌ని దాని చోట పెట్టి నొక్కండి. లోపలివైపు నల్లటి చుక్క పడుతుంది. అక్కడ పైన టేపు అంటించి, ముందు సన్న బిట్, తర్వాత హోల్ సా వాడండి. ముద్ద చుట్టూ 3 నుంచి 5 మిల్లీమీటర్ల సందు వదలాలి. లేకపోతే ఇంజన్ అదురుకి ఫెయిరింగ్ పగులు పడుతుంది.

అన్నీ అయ్యాక పాత పరుపు పరిచి, ట్యాంకులో పెట్రోలు తక్కువగా ఉన్నప్పుడు, ఇద్దరు పట్టుకుని బండిని మెల్లగా ఒరిగించండి. హ్యాండిల్ కొస, స్లైడర్, ఫుట్‌పెగ్ ముందు తగలాలి. ఫెయిరింగ్ పొట్ట ముందు తగిలితే స్లైడర్ పొట్టిది. 300 కిలోమీటర్లు తిరిగాక టార్క్ మళ్లీ చూడండి. ఒకసారి గట్టిగా పడ్డాక ముద్ద బాగానే కనబడినా బోల్టు తీసి అద్దం మీద దొర్లించండి. కొంచెం ఊగినా దాన్ని మళ్లీ వాడొద్దు.