కోచ్‌గా ఎవరు మేలు: మేనేజరా, కంపెనీలోని సీనియరా, బయటి మనిషా?

కొత్తగా టీమ్ లీడ్ అయినవాళ్లూ, వాళ్లకు ఆ బాధ్యత ఇచ్చిన హెచ్‌ఆర్ వాళ్లూ నన్ను తరచూ అడిగేది ఇదే. కోచింగ్‌కు, అంటే ఉద్యోగితో ఒకరు విడిగా కూర్చుని అతని పని మెరుగుపడేలా మాట్లాడటానికి, కొంత డబ్బు కేటాయించారు, దాన్ని బయటి కోచ్‌కు ఇవ్వాలా, లోపలి సీనియర్‌కే ఆ పని అప్పగించాలా, మేనేజర్లకే కోచింగ్ నేర్పిస్తే సరిపోతుందా? కోడ్ బాగా రాసే మనిషిని ఒక్క రోజులో పదిమందికి పెద్దను చేసేయడం హైదరాబాద్ ఐటీ కంపెనీల్లో మామూలే కనుక ఈ ప్రశ్న ఇప్పట్లో ఆగేలా లేదు.

రెండు రోజుల శిక్షణ శిబిరాల గురించి ఎక్కువ చెప్పను. భోజనం బాగుంటుంది, సోమవారానికి సగం మరచిపోతారు. కోచ్‌ల ప్రచార పత్రాల్లో తరచూ కనిపించే లెక్క ఒకటుంది. 1997లో వెలువడిన అమెరికా అధ్యయనంలో, ఒక ప్రభుత్వ సంస్థ మేనేజర్లకు శిక్షణ మాత్రమే ఇస్తే ఉత్పాదకత 22.4 శాతం పెరిగింది, దానికి ఎనిమిది వారాల వ్యక్తిగత కోచింగ్ తోడైతే పెరుగుదల 88 శాతానికి చేరింది. అధ్యయనంలో ఉన్నది 31 మంది మేనేజర్లేనన్న సంగతి మాత్రం ఆ పత్రాల్లో ఉండదు. నేర్చుకున్నది నిలవాలంటే వెంట ఒకరుండాలి అన్నంతవరకు నమ్ముతాను, ఆ 88ని మాత్రం బడ్జెట్ ప్రతిపాదనలో పెట్టను.

మేనేజరే కోచ్ కావడంలో లాభాలు తక్కువేమీ కాదు. అదనపు ఖర్చు లేదు, పని కళ్లముందే జరుగుతుంది, తప్పు జరిగిన గంటలోనే మాట్లాడుకోవచ్చు. మంచి మేనేజర్ లక్షణాలేమిటని గూగుల్ తన ఉద్యోగుల సమాచారాన్నే వడపోసి చూస్తే జాబితాలో మొదట నిలిచింది మంచి కోచ్ కావడమే. కోడ్ రివ్యూ, క్లయింట్‌కు ఈమెయిల్ రాయడం, అంచనాలు వేయడం వంటి వాటికి మేనేజర్‌ను మించినవాళ్లు లేరు.

చిక్కు అప్రైజల్ దగ్గర, అంటే ఉద్యోగి పనికి మేనేజర్ రేటింగ్ ఇచ్చే చోట, వస్తుంది. "నాకు మనుషులను నడపడం చేతకావడం లేదు", "ఆ సీనియర్ డెవలపర్‌తో గట్టిగా మాట్లాడాలంటే భయం", "మళ్లీ కోడింగ్‌కే వెళ్లిపోవాలనుంది". కోచింగ్ అవసరమయ్యేది సరిగ్గా ఇలాంటి మాటలకే. మార్చిలో తన రేటింగ్ రాయబోయే మనిషి ముందు వీటిని నోరు విప్పి చెప్పేవాళ్లు ఎందరు? మేనేజర్ ఎంత మంచివారైనా చేతిలో ఆ ఫారం ఉన్నంతకాలం ఎదుటివారు కాస్త ఆచితూచే మాట్లాడతారు. నా దృష్టిలో కోచ్ ఎంపికను తేల్చేది ఇదే: మాట వినే మనిషికి, ఆ మాట చెప్పినవారి జీతం మీద అధికారం ఉందా లేదా? అనుభవం, ధ్రువపత్రాలు, ఫీజు అన్నీ దీని తరువాతే.

వేరే విభాగం సీనియర్ అయితే ఈ బెడద సగం తగ్గుతుంది. కంపెనీలో అసలు నిర్ణయాలు ఎవరి బల్ల మీద జరుగుతాయో ఆయనకు తెలుసు. కొత్తగా చేరినవారికి బయటి కోచ్ కన్నా ఆయనే మేలు. అయితే రేపు ప్రమోషన్ కమిటీలో ఆయనే కూర్చోవచ్చు. పైగా మన సీనియర్లు అడగడం కన్నా చెప్పడం ఎక్కువ. గంటసేపు తమ ప్రస్థానం వినిపిస్తారు, కుర్రవాడు "అవును సార్" అంటూ తల ఊపి బయటపడతాడు.

అందుకే టీమ్ లీడ్‌గా మారే తొలి ఆరు నెలలకు నా మొగ్గు బయటి కోచ్ వైపు. డబ్బు కంపెనీది, మాటలు ఉద్యోగివి కాబట్టి ఏ సంగతి ఎవరికి చేరుతుందో ముందే కాగితం మీద ఉండాలి. హాజరు, ముందుగా అనుకున్న లక్ష్యాలు కంపెనీకి తెలిస్తే చాలు. "మావాడు ఏమన్నాడు?" అని హెచ్‌ఆర్ ఫోను చేసినప్పుడు జవాబు చెప్పే కోచ్‌కు ఇచ్చిన ఫీజు దండగ. ఈ వృత్తికి లైసెన్సు అక్కర్లేదు, ఎవరైనా బోర్డు పెట్టుకోవచ్చు. 1995లో ఏర్పడిన అంతర్జాతీయ కోచింగ్ సమాఖ్య, ఐసీఎఫ్, ఇచ్చే మూడు స్థాయిల గుర్తింపుకు వరుసగా 100, 500, 2,500 గంటల కోచింగ్ అనుభవం కావాలి. వడపోతకు అది పనికొస్తుంది, అంతే.

బయటి కోచ్‌కు పెద్ద లోటు, పని చూడకపోవడం. వినేది ఒకవైపు కథే. అమెరికా కోచ్ మార్షల్ గోల్డ్‌స్మిత్ దీన్ని ఇంకోలా దాటారు: ఉద్యోగి చుట్టూ ఉన్నవాళ్లను అడుగుతారు, మార్పు వచ్చిందని వాళ్లు అంటేనే ఫీజు తీసుకుంటారు. బోస్టన్ సర్జన్ అతుల్ గవాండే, తనకు శిక్షణనిచ్చి రిటైరైన సర్జన్ రాబర్ట్ ఆస్టీన్‌ను ఆపరేషన్ థియేటర్‌కే పిలిచి తన పనిని చూడమన్నారు. ఆస్టీన్‌కు పని క్షుణ్ణంగా తెలుసు, గవాండే ఉద్యోగం మీద మాత్రం ఏ అధికారమూ లేదు. బయటి కోచ్ ఫీజు భరించలేని విజయవాడ, విశాఖ చిన్న కంపెనీలకు నేను చెప్పేది ఈ దారే. రెండేళ్ల క్రితం రిటైరైన మీ పాత డెలివరీ మేనేజర్‌ను నెలకు రెండుసార్లు పిలవండి, సమావేశాల్లో ఓ మూల కూర్చోనివ్వండి. ఆ తరువాత ఆయనా, మీ కొత్త టీమ్ లీడూ ఆఫీసు బయట మాట్లాడుకుంటారు.

ఎవరినైనా తీసేయాలని ముందే నిర్ణయించుకుంటే కోచ్‌ను పంపకండి. ఆ సంగతి నేరుగా చెప్పి నోటీసు గడువు ఇవ్వండి. పదిహేనుమంది పనిని పదిమంది చేస్తున్న చోటా కోచ్ చేయగలిగింది లేదు, కావలసింది ఇంకో ఐదుగురు.

ఇక ఫోనులో పలికే ఏఐ కోచ్‌లు. రేపటి కష్టమైన సంభాషణకు ఈ రాత్రి సాధన చేసుకోవడానికి బాగానే ఉంటాయి. కంపెనీ ఖాతాతో వాడుతుంటే మాత్రం, మీరు టైపు చేసేది ఎవరు చదవగలరో ముందు కనుక్కోండి.