విజయవాడ నార్వేజియన్ కోచింగ్: ఉచ్చారణ క్లాసు బాగుంది, ఆడియో చాలదు

బెంజ్ సర్కిల్ దగ్గరి ఈ కోచింగ్‌లో గ్రామర్ అన్నిచోట్లా ఉన్నట్టే ఉంది. డబ్బు పెట్టదగ్గది శనివారం ఉచ్చారణ క్లాసు. ఒక్కో ప్రాంతంలో శబ్దం ఎందుకలా మారిందో నార్వేజియన్‌కు మూలమైన పాత నార్స్ భాష నుంచి చెప్పుకొస్తారు. నార్వేలో డాక్టరైనా పేషెంటైనా ఎవరి యాసలో వాళ్లే మాట్లాడతారు కనుక నర్సులుగా వెళ్లేవాళ్లకు ఇది తప్పనిసరి.

ట, డ, ణ, ష మన నాలుక మీదే ఉన్నాయి, అది పెద్ద లాభం. ఓస్లో వైపు 'ర్' పక్కన త, ద, న, స వస్తే రెండూ కలిసిపోతాయి. పిల్లలకు రాసేది 'బార్న్', వినపడేది 'బాణ్'. పడమటి ఊళ్లు బెర్గెన్, స్టావంగర్‌లలో 'ర్' గొంతులోకి దిగిపోయింది, నాలుక కొన పైకి లేవదు, కాబట్టి అక్కడ 'ణ్' పుట్టదు.

అసలు కష్టం తూర్పు నార్వే, మధ్య నార్వేలోని ట్రొండెలాగ్‌ల మందపు 'ల'. మనవాళ్లు 'ళ' అనేసి ఊరుకుంటారు. అలా నిలిపి పట్టకూడదు. నాలుక కొన వెనక్కి మడిచి, ముందుకు విసురుతూ ఒక్క దెబ్బ కొట్టాలి. పాత ఒంటి 'ల్' ఇలా మారింది, జంట 'ల్ల్' మారలేదు. అందుకే సూర్యుడనే 'సూల్'లో మందం, బంతి అనే 'బల్'లో పలచన. ఈ సూత్రం ఇంత తేటగా చెప్పేవాళ్లు అరుదు.

మాటల రాగం మీద పాఠం కూడా గట్టిదే. రైతులు, చిక్కుడు గింజలు అనే మాటలు రెండూ 'బొన్నెర్'లాగే వినపడతాయి, తేడా రాగంలోనే. రైతుల మాట పాత నార్స్‌లో ఒకే అక్షరం. తర్వాతి కాలంలో మధ్యన ఒక అచ్చు చేరినా ఒంటి అక్షరపు రాగం పోలేదు. గింజల మాట మొదటినుంచీ రెండక్షరాలు. ఓస్లోలో మొదటిది కింద మొదలై లేస్తుంది, రెండోది పైన మొదలై దిగి మళ్లీ లేస్తుంది.

లోపం ఆడియోలో ఉంది. రికార్డింగులన్నీ ఓస్లోవే. బెర్గెన్‌లో ఒంటి అక్షరపు రాగం పైనుంచి మొదలవుతుంది, ఓస్లో చెవితో వింటే తికమకే. ట్రొండెలాగ్‌లో 'కస్తె' (విసరడం) చివరి అచ్చు రాలి 'కస్త్' అయినా, రెండక్షరాల రాగమంతా ఆ ఒక్క అక్షరమే మోస్తుంది. చెవితో వినకుండా ఇది పట్టుబడదు. బోర్డు మీద గీతలు గీస్తే చాలదు.

పని ఏ ఊళ్లో దొరికిందో తేలాక చేరండి. చేరేముందే ఆ ఊరి ఆడియో అడగండి. లేదంటే నార్వే రేడియో సంస్థ ఎన్‌ఆర్‌కే ప్రాంతీయ వార్తలు రోజూ వింటూ ఈ క్లాసు నోట్సు పక్కన పెట్టుకోండి.