కాస్జెవీ సమీక్ష: 18 కోట్ల జన్యు చికిత్స ఎవరికి తగినది?

సికిల్ సెల్ వ్యాధికి కాస్జెవీ అనే జన్యు సవరణ చికిత్సను బ్రిటన్ 2023 నవంబరులోనూ, అమెరికా ఆ మరుసటి నెలలోనూ ఆమోదించాయి. జన్యువును కోరుకున్న చోట కత్తిరించే క్రిస్పర్ పద్ధతిలో రూపొంది ప్రభుత్వ అనుమతి పొందిన మొదటి చికిత్స ఇదే. దీని గుణం మీద నాకు సందేహం లేదు. నా అభ్యంతరమల్లా దీన్ని ‘ఒక్కసారి చేయించుకుంటే చాలు’ అని పరిచయం చేసే తీరు మీద, దీని ధర మీద.

ఈ వ్యాధిలో ఆక్సిజన్‌ను మోసే హిమోగ్లోబిన్‌లోని లోపం వల్ల ఎర్ర రక్తకణాలు కొడవలిలా వంగి సన్నని రక్తనాళాల్లో ఇరుక్కుంటాయి, ఆ నొప్పికి మనిషి రోజుల తరబడి మంచం పట్టవలసి వస్తుంది. తల్లి కడుపులో ఉండగా మనందరిలో పనిచేసే పిండ హిమోగ్లోబిన్‌కు ఈ లోపం ఉండదు గానీ, పుట్టాక దాని తయారీని బీసీఎల్11ఏ అనే జన్యువు అణచివేస్తుంది. రక్తకణాలను పుట్టించే రోగి సొంత మూలకణాలను బయటికి తీసి, పిండ హిమోగ్లోబిన్ మళ్లీ తయారయ్యేలా ఎర్రకణాల్లో ఆ జన్యువును నడిపించే చోట కత్తిరించి, తిరిగి శరీరంలోకి ఎక్కించడమే కాస్జెవీ. ఆమోదానికి ఆధారమైన ప్రయోగంలో తగినంత కాలం గమనించిన 31 మందిలో 29 మందికి కనీసం ఏడాది పాటు తీవ్రమైన నొప్పి రాలేదు. నొప్పితోనే పెరిగినవారికి అది ఎంత పెద్ద ఊరటో చెప్పనక్కరలేదు.

అయితే ఆ ‘ఒక్కసారి’ వెనుక నెలల శ్రమ ఉంది. ముందు కొన్ని వారాల పాటు రక్తం ఎక్కిస్తారు. తరువాత యంత్రం ద్వారా మూలకణాలను సేకరిస్తారు, అవి చాలకపోతే మళ్లీ రమ్మంటారు. సవరించిన కణాలు తయారై రావడానికి ఆరు నెలల దాకా పట్టవచ్చు. ఆపైన బుసల్ఫాన్ అనే కీమోథెరపీ మందుతో ఎముక మూలుగను ఖాళీ చేస్తారు. జుట్టు రాలిపోతుంది, నోరంతా పుండ్లు పడుతుంది, ఇన్ఫెక్షన్ భయంతో వారాల తరబడి ఆసుపత్రిలోనే ఉండాలి. సంతానం కలగకుండా పోయే ప్రమాదమూ ఉంది కనుక వీర్యాన్నో అండాలనో ముందే భద్రపరచుకోవాలి. ఈ చికిత్సకు 12 ఏళ్లు నిండినవారు అర్హులు. అంటే ఇంత పెద్ద నిర్ణయం చాలాసార్లు తల్లిదండ్రులే తీసుకుంటారు. ఆ బిడ్డను కూర్చోబెట్టి అన్ని విషయాలూ విప్పి చెప్పకుండా సంతకం తీసుకోవడం నా దృష్టిలో అన్యాయం.

కత్తిరింపు అనుకోని చోట పడవచ్చన్న భయం ఇంకా తీరలేదు. అందుకే ప్రయోగంలో పాల్గొన్నవారిని 15 ఏళ్ల పాటు గమనిస్తారు. ఈ మార్పు రక్త మూలకణాలకే పరిమితం, పిల్లలకు సంక్రమించదు. 2018లో చైనాలో పిండాల జన్యువులనే మార్చిన శాస్త్రవేత్త హె జియాన్‌కుయి ఉదంతంతో దీన్ని కలిపి చూడకూడదు.

ఇక ధర. 2023లో ఆమోదం నాటికి అమెరికాలో 22 లక్షల డాలర్లు, అప్పటి మన లెక్కలో సుమారు 18 కోట్ల రూపాయలు. ఈ వ్యాధి ఎక్కువగా ఉన్నదేమో ఆఫ్రికాలో, మన దేశపు గిరిజన ప్రాంతాల్లో. ఆదిలాబాద్, అల్లూరి జిల్లాల ఏజెన్సీ గ్రామాల్లో నేటి అవసరం సకాలంలో రక్తపరీక్ష, నొప్పి రావడాన్ని తగ్గించే హైడ్రాక్సీయూరియా మాత్రలు క్రమం తప్పకుండా అందడం. ఢిల్లీలోని ప్రభుత్వ జన్యు పరిశోధన సంస్థ ఐజీఐబీ శాస్త్రవేత్తలు ఇదే వ్యాధికి రూపొందించిన ‘బిర్సా 101’ అనే క్రిస్పర్ చికిత్సను 2025 నవంబరులో ప్రకటించారు, తక్కువ ఖర్చుతో అందించాలన్నది వారి లక్ష్యం. దాని మీద నాకు ఆశ ఉంది, అయితే రోగుల్లో ఫలితాలు చూశాకే తీర్పు చెప్పాలి.

కొనగలిగినా సరే, జన్యుపరంగా సరిపోయే తోబుట్టువు ఉన్నవారు ముందుగా మన దేశంలోనే లక్షల రూపాయల్లో జరిగే ఎముక మూలుగ మార్పిడి గురించి వైద్యుణ్ణి అడగాలి. అలాంటి దాత లేక, మాత్రలు వాడుతున్నా తరచూ నొప్పితో ఆసుపత్రి పాలయ్యేవారికి మాత్రమే కాస్జెవీని సిఫారసు చేస్తాను.