యర్రగుంట్లలో దిగి తాడిపత్రిలో ఎక్కాను: విడదీసే సైకిలుతో మూడు రోజులు

వెళ్లిన దారినే తిరిగి రావడం నాకు నచ్చదు. సైకిలు యాత్రలో అదే పెద్ద చిక్కు. సైకిలును పార్సిలుగా రాయిస్తే, పార్సిలు దించే వీలున్న స్టేషన్లోనే దిగాలి. గండికోట, బెలుం గుహలు, తాడిపత్రి ఒకే వరుసలో చూడాలని ఎన్నాళ్లనుంచో ఉన్నా, ఈ కారణంగానే ఆగిపోయాను. నిరుడు ఫ్రేము రెండుగా విడిపోయే ఉక్కు గ్రావెల్ సైకిలు (మట్టి, కంకర దారుల్లోనూ నడిచేది) కొన్నాక, డిసెంబరులో బయలుదేరాను.

నాది అమెరికాకు చెందిన టామ్ రిచీ కంపెనీ బ్రేక్‌అవే పద్ధతి. కింది గొట్టం పెడల్ ఇరుసుకు కాస్త పైన విడిపోతుంది. రెండు చివర్లకూ పెదవుల్లాంటి అంచులుంటాయి. వాటిని ఆనించి, చుట్టూ సన్నని పట్టీ వేసి ఒక్క బోల్టు బిగించాలి. పై గొట్టానికి సీటు రాడ్డే ఆధారం. రాడ్డు రెండు కడియాల గుండా దిగుతుంది, ఒక్కోదానికి ఒక్కో బోల్టు. గేరు, బ్రేకు వైర్లను కూడా మధ్యలో మర విప్పి వేరు చేయవచ్చు. మొత్తం 66, 66, 25 సెంటీమీటర్ల సంచిలో సర్దుకుంటుంది. పొడవు, వెడల్పు, ఎత్తు కలిపి చాలా విమాన సంస్థలు పెట్టే 158 సెంటీమీటర్ల కొలతకు లోబడే ఉంటుంది. నేను మాత్రం బెర్తు కింద పడుకోబెట్టాను.

ఒక సలహా. గట్టి పెట్టె కొనకండి. దిగిన ఊరికి తిరిగి రాని యాత్రలో దాన్ని ఎక్కడ పెడతారు? మెత్తటి సంచి అయితే చుట్టచుట్టి హ్యాండిలుకు కట్టుకోవచ్చు.

తెల్లవారుజామున యర్రగుంట్ల ప్లాట్‌ఫాం చివర, దీపం కింద బిగించడానికి నలభై నిమిషాలు పట్టింది. జమ్మలమడుగు దారిలో చలి, రెండు పక్కలా నల్లరేగడిలో శనగ చేలు. అక్కడ ఉగ్గాని, మిరపకాయ బజ్జీ తిని గండికోట ఎక్కడం మొదలుపెట్టగానే సీటు కింద కిర్రుమని చప్పుడు. తొక్కిన ప్రతిసారీ అదే. విరుగుతోందేమోనని భయపడి వేపచెట్టు కింద ఆపి రాడ్డు బయటకు లాగాను. పై కడియం లోపల ఇసుక రేణువులు, గోటికి తగిలేంత గరుకుగా ఉన్నాయి. చీకట్లో రాడ్డును నేలమీద పెట్టినప్పుడు అంటుకున్నవే. గుడ్డతో తుడిచి, గ్రీజు పూసి మళ్లీ బిగిస్తే తర్వాత మూడు రోజులూ చప్పుడు లేదు. ఈ ఫ్రేముకు కావలసిన సేవ అంతా ఇదే. కీలు దగ్గర శుభ్రత, గ్రీజు. బలం విషయంలో నాకు ఏ లోపమూ కనబడలేదు. సామానుతో రాళ్లదారి దిగుతున్నప్పుడు కూడా ఒకే ముక్కలా నడిచింది.

గండికోటలో ఎర్రమల కొండలను పెన్న చీల్చుకుపోయిన లోయ అంచున కూర్చుంటే లేవబుద్ధి కాదు. సూర్యోదయం చూడాలంటే కోటకు దగ్గరలోనే రాత్రి ఉండాలి. నేను గుడారం తీసుకున్నాను. చోటు మంచిదే, కానీ అర్ధరాత్రి దాకా పెద్ద శబ్దంతో పాటలు, మరుగుదొడ్డికి దూరం నడక. ఆ డబ్బుకు అది అన్యాయం. నిద్ర ముఖ్యమనుకునేవారు 15 కిలోమీటర్ల దూరంలో జమ్మలమడుగులో గది తీసుకుని చీకటితోనే రావడం మేలు. పొద్దున్నే జామియా మసీదు, ధాన్యాగారం, మాధవరాయ ఆలయం జనం లేకుండా చూశాను.

బెలుం అక్కడికి సుమారు 60 కిలోమీటర్లు. కొలిమిగుండ్ల వైపు వెళ్లేకొద్దీ పొలాలకు కంచెగా నిలువునా పాతిన నాపరాళ్లు కనిపిస్తాయి. లారీలు తిరిగే పెద్ద రోడ్డు వదిలి పొలాల బాటలు పట్టాను. 47 మిల్లీమీటర్ల టైర్లు అక్కడ అక్కరకొచ్చాయి. ట్యూబ్‌లెస్ వేసుకోండి, పల్లేరుకాయలు, తుమ్మముళ్లు ఎవరినీ వదలవు. వాన పడితే మాత్రం ఆ బాటల జోలికి పోవద్దు. నల్లరేగడి చక్రానికి పట్టిందంటే బండి కదలదు.

గుహల బయట టీ కొట్టు నడిపే ఆవిడను, “సైకిలు కాస్త చూస్తావా అక్కా?” అని అడిగితే, “గోడకు ఆనించు నాయనా, ఎవరు ముట్టుకుంటారు” అని తన కుర్చీ పక్కనే పెట్టించుకుంది. గుహల పొడవు 3,229 మీటర్లు, చూడనిచ్చేది అందులో సగానికి కాస్త తక్కువ. 1884లో బ్రిటిష్ భూగర్భ శాస్త్రవేత్త రాబర్ట్ బ్రూస్ ఫుట్ వీటి గురించి రాశారు. లోపల ఉక్కపోత ఎక్కువ, తొక్కి తొక్కి వెళ్లినవారు ముందు బాగా నీళ్లు తాగాలి. రాత్రి బస మాత్రం తాడిపత్రిలో పెట్టుకోండి, అది ఇంకో 30 కిలోమీటర్లే. నేను దిగిన లాడ్జి చిన్నదే, కానీ యజమాని అడగకుండానే సైకిలును గదిలోకి తీసుకెళ్లనిచ్చాడు. నాకు అంతకంటే పెద్ద సౌకర్యం లేదు.

మూడో రోజు పెన్న ఒడ్డునే ఉన్న బుగ్గ రామలింగేశ్వరాలయంలో ఎక్కువసేపు గడిపాను. పూర్తికాని గోపురాల మీద చెక్కడం చూస్తూ తిరిగితే పూట గడిచిపోతుంది. మధ్యాహ్నం కిరాణా కొట్లో అడిగి అట్టపెట్టె తెచ్చుకుని, చక్రాలకు, గొట్టాలకు మధ్య ముక్కలు పెట్టి సర్దాను. టైర్లలో గాలి పూర్తిగా తీయలేదు, అంచు రిమ్మును వదలకూడదని. విడదీయడం ఇరవై అయిదు నిమిషాల్లో అయింది. ఈసారి సీటు రాడ్డును నేలమీద పెట్టకుండా చొక్కా పరిచి దానిమీద పెట్టాను.