ఇంటర్‌కూలర్ లేకుండా 5 పీఎస్‌ఐ టర్బో: 60 వేల కిలోమీటర్ల తర్వాత

ముందు సెటప్ చెప్తాను. 1.6 లీటర్ల నాలుగు సిలిండర్ల పెట్రోల్ ఇంజన్, కంప్రెషన్ నిష్పత్తి 9.5. పిస్టన్లు, కనెక్టింగ్ రాడ్లు కారుతో వచ్చినవే. దానికి ఒక చిన్న టర్బో (ఎక్సాస్ట్ వాయువుతో తిరుగుతూ గాలిని నొక్కి ఇంజన్‌లోకి పంపేది), 5 పీఎస్‌ఐ (0.35 బార్) స్ప్రింగ్ ఉన్న వేస్ట్‌గేట్ (బూస్ట్, అంటే ఆ అదనపు గాలి ఒత్తిడి, హద్దు దాటకుండా ఎక్సాస్ట్‌ని పక్కకు వదిలే వాల్వు), టర్బో నుంచి థ్రాటిల్‌కి నేరుగా ఒక పొట్టి పైపు. మధ్యలో ఇంటర్‌కూలర్, అంటే నొక్కిన గాలిని చల్లబరిచే రేడియేటర్, లేదు. 95 ఆక్టేన్ పెట్రోల్, మ్యాప్ (పెట్రోల్, స్పార్క్ అంకెల పట్టిక) మార్చుకోగలిగే ఈసీయూ (ఇంజన్‌ని నడిపే కంప్యూటర్). ఇంతవరకు హెడ్ విప్పాల్సిన అవసరం రాలేదు, నాలుగు సిలిండర్లలోనూ కంప్రెషన్ సమానంగా ఉంది. అంటే ఈ పద్ధతి పనిచేస్తుంది. అయితే అది నిలబడేది గాలి వేడి మీద, ఆ వేడి ఈసీయూకి తెలుస్తోందా లేదా అన్నదాని మీద. మిగతావన్నీ వీటి తర్వాతే.

గాలిని నొక్కితే వేడెక్కుతుంది. చిన్న టర్బోల కంప్రెసర్ సామర్థ్యం 65 శాతం అనుకుని లెక్కేస్తే, 30 డిగ్రీల గాలి 5 పీఎస్‌ఐ దగ్గర సుమారు 71 డిగ్రీలకు, 7 దగ్గర 85కు, 10 దగ్గర 105కు చేరుతుంది. ఈ కారు లాగ్‌లో ఎండాకాలం కనిపించే అంకెలు కూడా ఈ లెక్కకు దగ్గరగానే ఉంటాయి. ఇక్కడ చాలామంది పట్టించుకోని విషయం ఒకటుంది. ఫిల్టర్ బానెట్ కింద, ఎక్సాస్ట్ పక్కన పెడితే ట్రాఫిక్‌లో అది పీల్చే గాలే 60 డిగ్రీలు ఉంటుంది. 60 డిగ్రీల గాలిని 5 పీఎస్‌ఐకి నొక్కినా వచ్చేది 105 డిగ్రీలే. అంటే బూస్ట్ పెంచకుండానే, ఫిల్టర్‌కి చోటు సరిగా చూడనందుకు 10 పీఎస్‌ఐ వేడి ఇంజన్ నెత్తిన పడుతుంది. అందుకే ఈ సెటప్‌లో మొదటి ఖర్చు ఫిల్టర్‌ని హెడ్‌లైట్ వెనక్కో బంపర్ లోపలికో తీసుకెళ్లి, బయటి గాలి మాత్రమే అందేలా మూసిన పెట్టె కట్టడానికి పెట్టాలి. టర్బో వేడి భాగానికి బ్లాంకెట్, ఎక్సాస్ట్ మొదటి అర మీటరుకి చుట్టు, పైపుకీ ఎక్సాస్ట్‌కీ మధ్య అల్యూమినియం రేకు. ఈ మూడూ పెట్టాక సిగ్నల్ దగ్గర ఆగి కదిలినప్పటి గాలి వేడి 15 డిగ్రీల దాకా తగ్గింది.

లాభం ఎంత? 5 పీఎస్‌ఐలో ఇంటర్‌కూలర్ లేకుండా సిలిండర్‌లోకి వెళ్లే గాలి సుమారు 18 శాతం పెరుగుతుంది. మంచి ఇంటర్‌కూలర్ పెడితే, దానిలో పోయే కాస్త ఒత్తిడి తీసేశాక, పెరుగుదల 25 శాతం దాకా ఉంటుంది. 10 పీఎస్‌ఐకి వెళ్తే ఈ తేడా మరీ పెద్దదవుతుంది: లేకుండా 35, ఉంటే 50 పైమాటే. కాబట్టి 5 దగ్గర ఇంటర్‌కూలర్ మానేయడంలో అర్థముంది. 7 దగ్గర అది పంతం. 10 దగ్గర పిస్టన్లతో జూదం. బదులుగా దక్కేది పికప్. రెండు మీటర్ల పైపు, ఇంటర్‌కూలర్ కడుపు నింపాల్సిన పని లేదు కాబట్టి కాలు నొక్కగానే బూస్ట్ థ్రాటిల్ దగ్గర ఉంటుంది. ఊళ్లో నడపడానికి ఇది నిజంగా హాయి.

ఇప్పుడు అసలు ప్రమాదం. టర్బో లేని ఇంజన్లలో చాలావాటికి గాలి వేడి సెన్సర్ ఫిల్టర్ పెట్టెలోనే ఉంటుంది. టర్బో పెట్టాక దాన్ని అక్కడే వదిలేస్తే ఈసీయూకి 32 డిగ్రీలు కనిపిస్తుంది, థ్రాటిల్ దగ్గర మాత్రం 75 ఉంటుంది. గాలి చల్లగా ఉందనుకుని అది టైమింగ్ (స్పార్క్ పడే సమయం) వెనక్కి లాగదు. మ్యాప్ సెన్సర్‌తో (పట్టిక కాదు, మానిఫోల్డ్‌లో ఒత్తిడి కొలిచే సెన్సర్) నడిచే ఈసీయూ అయితే గాలి దట్టంగా ఉందని లెక్కేసి 14 శాతం దాకా ఎక్కువ పెట్రోల్ పోస్తుంది. మీటర్‌లో మిశ్రమం రిచ్‌గా (పెట్రోల్ ఎక్కువగా) కనిపించేసరికి అంతా క్షేమం అనుకుంటాం. నాకింగ్ (వేడికి మిశ్రమం తనంతట తానే పేలడం) మాత్రం నడుస్తూనే ఉంటుంది. సెన్సర్‌ని తప్పనిసరిగా థ్రాటిల్‌కి 10, 15 సెంటీమీటర్ల ముందు పైపులో పెట్టాలి. అదీ మొన బయటకు కనిపించే రకం. ఇత్తడి బుడిపెలో మూసి ఉండే రకం వేడిని చూపించేలోపు గేరు మారిపోతుంది.

టైమింగ్ విషయానికి వస్తే, ఈ ఇంజన్‌కి టర్బో లేనప్పుడు 4,500 ఆర్‌పీఎం దగ్గర పూర్తి థ్రాటిల్‌లో స్పార్క్ 28 డిగ్రీలు (క్రాంక్ తిరిగే కోణం) ముందుగా ఉండేది. ఇప్పుడు 22. పైపులో గాలి 60 డిగ్రీలు దాటాక ప్రతి 10 డిగ్రీలకూ టైమింగ్ ఇంకో 2 డిగ్రీలు వెనక్కి. 95 దాటితే డాష్‌బోర్డు మీద దీపం వెలుగుతుంది, అప్పుడు కాలు తీసేయాలి. బూస్ట్‌లో మిశ్రమం గాలి 11.8కి పెట్రోల్ 1. ఇంటర్‌కూలర్ ఉన్న కారుకైతే ఇంత రిచ్ అవసరం ఉండకపోవచ్చు, ఇక్కడ ఆ అదనపు పెట్రోల్ సిలిండర్ లోపల చల్లదనం కోసం. మైలేజీ మీద దాని దెబ్బ బూస్ట్‌లో ఉన్నంతసేపే, మామూలు వేగంలో తేడా తెలియదు. ప్లగ్గులు ఒక మెట్టు చల్లనివి (వేడిని త్వరగా వదిలేవి), గ్యాప్ 1.1 నుంచి 0.8 మిల్లీమీటర్లకు తగ్గించాలి. ప్లగ్గు నంబర్ కొనేటప్పుడు జాగ్రత్త: ఎన్‌జీకే, డెన్సోలలో అంకె పెరిగితే చల్లనిది, బాష్‌లో అంకె పెరిగితే వేడిది.

పెట్రోల్ సరఫరాలో కొత్తవాళ్లు పడే గుంట ప్రెషర్ రెగ్యులేటర్. ఇంజెక్టర్లకు పెట్రోల్ అందించే రైల్‌లో ఒత్తిడి 3 బార్ దగ్గర స్థిరంగా ఉంటే, మానిఫోల్డ్‌లో 0.35 బార్ బూస్ట్ ఎదురొత్తుతుంటే ఇంజెక్టర్‌కి మిగిలేది 2.65 బార్. 6 శాతం పెట్రోల్ తగ్గుతుంది, అదీ ఎక్కువ కావాల్సిన క్షణంలోనే. బూస్ట్ గొట్టం తగిలించుకునే రెగ్యులేటర్ వాడాలి, ఒక పీఎస్‌ఐ బూస్ట్‌కి ఒక పీఎస్‌ఐ పెరిగేది. ఇంజెక్టర్లు గరిష్ఠంగా 80 శాతం డ్యూటీ (తెరిచి ఉండే సమయం) దాటకూడదు. మ్యాప్ సెన్సర్ 2 బార్‌దో 2.5 బార్‌దో మార్చాల్సిందే. పాతది వాతావరణ పీడనం దాటాక అదే అంకె చూపిస్తూ కూర్చుంటుంది.

వేస్ట్‌గేట్ గురించి ఒక హెచ్చరిక. 5 పీఎస్‌ఐ స్ప్రింగ్ పెట్టాను కదా అని 5 దగ్గరే ఆగుతుందని నమ్మొద్దు. సైలెన్సర్ పెద్దది వేస్తే 6,000 ఆర్‌పీఎం దగ్గర బూస్ట్ 7.5 దాకా పాకుతుంది, ఎందుకంటే వేస్ట్‌గేట్ రంధ్రం గుండా అంత వాయువు పోలేదు. బూస్ట్ కంట్రోలర్ దీనికి మందు కాదు, అది పెంచగలదే గానీ స్ప్రింగ్ కంటే కిందకి దించలేదు. రంధ్రాన్ని కొన్ని మిల్లీమీటర్లు పెద్దది చేయించి, దానికి తగ్గ మూత వేయించాలి. ఎలాగూ ఈసీయూలో 6.5 దగ్గర ఇంధనం ఆపేసే హద్దు పెట్టుకోవాలి.

ఆయిల్ సంగతి ఇంటర్‌కూలర్ లేనివాళ్లకి ఇంకా ముఖ్యం. క్రాంక్‌కేస్ నుంచి వచ్చే ఆయిల్ ఆవిరిలో చాలాభాగం ఇంటర్‌కూలర్ ఉంటే దాని అడుగున పేరుకుంటుంది. ఇక్కడ అది నేరుగా సిలిండర్‌లోకే వెళ్తుంది. పెట్రోల్‌తో కలిసిన ఆయిల్ ఆక్టేన్‌ని తగ్గిస్తుంది, నాకింగ్‌కి దారి తీస్తుంది. లోపల స్టీలు పీచు ఉన్న క్యాచ్ క్యాన్ (ఆ ఆయిల్‌ని పట్టి ఉంచే డబ్బా) పెట్టి, బూస్ట్‌లో మూసుకునే పీసీవీ వాల్వు (క్రాంక్‌కేస్ ఆవిరిని మానిఫోల్డ్‌కి పంపేది) వేయాలి. టర్బో నుంచి ఆయిల్ దిగే గొట్టం ఎక్కడా వంగి గుంట పడకుండా కిందకే వాలాలి, లేకపోతే సీళ్లు దాటి నీలం పొగ వస్తుంది. 5డబ్ల్యూ-40 సింథటిక్ ఆయిల్‌ని 5,000 కిలోమీటర్లకే మారుస్తున్నాను. క్యాచ్ క్యాన్ కూడా అప్పుడే ఖాళీ చేయడం.

గాలిని చల్లబరచడానికి పైపులోకి నీళ్లు చిమ్మే కిట్ గురించి చాలామంది అడుగుతారు. నీళ్లూ మెథనాల్ సగం సగం, పోసే పెట్రోల్ పరిమాణానికి 10 నుంచి 15 శాతం మోతాదు, 3 పీఎస్‌ఐ దాటాక మొదలయ్యేలా ప్రెషర్ స్విచ్. ఎండలో బాగా పనిచేస్తుంది. నాజిల్‌ని గాలి సెన్సర్ తర్వాత పెట్టాలి, తడిసిన సెన్సర్ అబద్ధం చెప్తుంది. నాజిల్ పక్కనే సోలెనాయిడ్ వాల్వు లేకపోతే మామూలు వేగంలో మానిఫోల్డ్ వాక్యూమ్ ట్యాంకులోని నీళ్లను తాగేస్తుంది. అయితే దీన్ని నమ్ముకుని టైమింగ్ పెంచొద్దు. 1962లో వచ్చిన ఓల్డ్స్‌మొబైల్ జెట్‌ఫైర్ అనే టర్బో కారు 10.25 కంప్రెషన్‌తో, సుమారు 5 పీఎస్‌ఐతో, ఇలాంటి ద్రవం మీదే ఆధారపడింది. యజమానులు ఆ ట్యాంకు నింపడం మరిచిపోవడమే దాని తలనొప్పి. ఇందులోనూ ట్యాంకు ఖాళీ అయినా ఇంజన్ బతికే మ్యాపే ఉంచాను.

'పాత పోర్షే 930కి, బీఎండబ్ల్యూ 2002 టర్బోకి ఇంటర్‌కూలర్ లేదు కదా' అనే వాదన వినిపిస్తుంటుంది. వాటి కంప్రెషన్ చూడాలి: మొదటి 930లో 6.5, 2002 టర్బోలో 6.9. 1978లో 3.3 లీటర్లకు పెంచినప్పుడు పోర్షే కూడా ఇంటర్‌కూలర్ పెట్టింది. 9.5 కంప్రెషన్ ఇంజన్‌కి ఆ ఉదాహరణ కుదరదు.

తప్పు జరుగుతోందని ముందుగా చెప్పేవి ప్లగ్గులే. ప్రతి ఆయిల్ మార్పుకీ విప్పి, తెల్లటి పింగాణీ మీద మిరియాల పొడిలా నల్లచుక్కలు గానీ మెరిసే అల్యూమినియం గింజలు గానీ ఉన్నాయేమో భూతద్దంతో చూడాలి. ఉంటే అది డిటొనేషన్, అంటే నాకింగే. ఆ తర్వాతి మెట్టు పిస్టన్‌లో మొదటి రెండు రింగుల మధ్య గట్టు విరగడం. చెవికి వినిపించే నాకింగ్, డబ్బాలో గులకరాళ్లు ఆడించినట్టు, టర్బో మోతలో కలిసిపోతుంది కాబట్టి చెవిని నమ్మకండి, నాక్ సెన్సర్ లేని ఇంజన్‌కి ఈ పని చేయకండి. కంప్రెషన్ 10.5 దాటినా, బరువుతో గంటల తరబడి ఎత్తు ఎక్కే పని ఉన్నా, దొరికేది తక్కువ ఆక్టేన్ పెట్రోలే అయినా మొదటి రోజే ఇంటర్‌కూలర్ పెట్టుకోండి. డీజిల్‌లో నాకింగ్ బెడద లేదు, అక్కడ చూడాల్సింది ఎక్సాస్ట్ వేడి.

ఒకవేళ ఇప్పుడు లేకుండా మొదలుపెట్టి తర్వాత 7, 8కి వెళ్లే ఆలోచన ఉంటే, టర్బో నుంచి థ్రాటిల్‌కి వేసే పైపుని ఒకే ముక్కగా వెల్డింగ్ చేయించకండి. రెండు ముక్కలుగా చేయించి మధ్యలో సిలికాన్ హోస్, టీ-బోల్ట్ క్లాంపులతో కలపండి. మామూలు రబ్బరు హోస్ ఆయిల్‌కీ వేడికీ మెత్తబడి బూస్ట్‌లో ఊడిపోతుంది.